జుమ్రా ఇంట్లో కాఫీ పెట్టరు

సరాయెవో,
జూన్ నెలాఖరు, 1974

ఉనా నదీతీర మహారాణి, కోడిపుంజులకు సింహస్వప్నం, మా నానమ్మ పెంబా గారి సన్నిధికి మనవడు రెఫిక్ వెయ్యి సలాములతో సమర్పించుకునే మొదటి నివేదిక.

నేను క్షేమం. రాజధాని కూడా ప్రస్తుతానికి క్షేమమే, నేను వచ్చి నాలుగు రోజులే కదా అయింది. కొత్త పంతుళ్లకిచ్చే వేసవి శిక్షణ మొదలైంది. పిల్లలకు భూగోళశాస్త్రం ఎలా చెప్పాలో పొద్దున్నపూట మాకు చెబుతారు. మధ్యాహ్నం నుంచి ఊరి మీద పడటానికి సెలవు.

ముందు నది సంగతి. మిల్యాట్స్కా అని ఒకటుంది. దానికి రాతిగట్లు కట్టారు, వంతెనల మీద వంతెనలు కట్టారు, దీపాలు పెట్టారు. ఇంత హంగామా చేసి నీళ్లు పోయడం మరిచిపోయారు. వంగి చూస్తే ఒక బాతు నదిలోంచి వెళ్తోంది. ఈదుతూ కాదు, నడుస్తూ. మన ఉనాను చూసి పెరిగిన కళ్లకు ఎంత కష్టమో ఆలోచించు. పక్కనున్న పెద్దమనిషిని నది ఎక్కడుందండీ అని అడిగాను. ఆయన నా కాళ్ల కింద చూపించి, మీది ఉనా పారే క్రాయినా సీమేనా అన్నాడు. యాసను బట్టి పట్టలేదట, ముఖంలో జాలిని బట్టి పట్టాడట.

తరువాత ట్రాము ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని కాసేపు కునుకు తీశాను. లేచి చూస్తే ఎక్కిన చోటులాంటి చోటే. అదే నీళ్ల చలివేంద్రం, అవే పావురాలు. ఈ నగరంలో ఒకేలాంటి కూడళ్లు రెండున్నాయని మా మేష్టారికి చెప్పాను. ట్రాము గుండ్రంగా తిరిగొస్తుందని ఆయన చెప్పాడు. నేను భూగోళశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇక అసలు పని. "ఆవిణ్ణి ఒకసారి చూసి రా, నేను చూడమన్నానని మాత్రం చెప్పకు" అని రైలు కదులుతుండగా నువ్వన్న మాట మరిచిపోలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ ఊరి పేరెత్తితే కిటికీ మూసేసే మనిషివి, తెరిచిన కిటికీలోంచి ఆ మాట అన్నావంటే సంగతి చిన్నది కాదు. అందుకని నీ సొంత చెల్లెలు, నాకు బుద్ధి తెలిశాక నేను ముఖం చూడని మా చిన్న నానమ్మ జుమ్రాకు, ఫలానా రోజు సాయంత్రం అయిదింటికి వస్తానని కబురు పెట్టాను.

ఆ రోజు పాత బజారులో తిరుగుతూ గడియార గోపురం చూద్దును కదా, అయిదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, నిజమే. అయినా రాజధాని గడియారం కదా, పొరపాటు సూర్యుడిదే అయి ఉంటుందనుకున్నాను. కొండవాలు పైకి పరుగెత్తి తలుపు కొట్టాను. మోచేతుల దాకా పిండి, జుట్టు విరబోసుకుని ఒకావిడ తలుపు తీసి, "ఎవరు పోయారు?" అంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు చావు కబురు తప్ప మరేం రాదట ఆ వాడకు.

ఎవరూ పోలేదని, నేనే వచ్చానని చెప్పాను. చాలాసేపు చూసి, "పెంబా ముక్కు" అంది. అంతే. గులాబీ షర్బత్ ఇచ్చింది. కూర్చోబెట్టింది. పిండి కలపడం ముగించింది. ఇంకో షర్బత్ ఇచ్చింది. కాఫీ మాత్రం రాలేదు. వేళకాని వేళ వెళ్లినందుకు శిక్షేమో.

ఆ గోపురం గడియారం నమాజుల లెక్కన పాతకాలపు వేళ చూపిస్తుందట. సూర్యాస్తమయానికి పన్నెండు కొడుతుందట. దాన్ని నమ్మి ఒకరింటికి వెళ్లినవాడు ఈ తరంలో నేనొక్కణ్నేనని మా హాస్టల్ వంటవాడు అభినందించాడు.

నీ దూత,
రెఫిక్


బోసాన్స్కా క్రుపా,
జూలై, కోళ్లకు మేత వేశాక

ఒరేయ్ రెఫిక్,

నీ ఉత్తరాన్ని పోస్టుమాన్ ముందు తను చదువుకుని, తరువాత నాకిచ్చాడు. బాతు దగ్గర నవ్వు ఆపుకోలేకపోయానన్నాడు. ఇకనుంచి కవరు గట్టిగా అంటించు.

సూర్యుణ్ణి నమ్మకుండా గడియారాన్ని నమ్మినవాడికి ప్రభుత్వం పిల్లల్ని అప్పగించబోతోంది. అల్లా కాపాడాలి వాళ్లను.

ఆవిడ సంగతి నాకక్కర్లేదు. మోకాలి నొప్పి తగ్గిందా లేదా, చిక్కిందా ఒళ్లు చేసిందా, ఇంకా ఎడంచేత్తోనే రొట్టె విరుస్తోందా, ఇవేవీ నేను అడగడం లేదు. నువ్వు రాస్తే కళ్లున్నాయి కాబట్టి చదువుతాను.

కాఫీ ఇవ్వలేదని రాశావు. అది నాకర్థం కాలేదు. ఆ ఊళ్లో పన్ను వసూలుకు వచ్చినవాడికి కూడా కాఫీ పెడతారు. నువ్వు ఏదో పిచ్చి వాగుడు వాగి ఉంటావు. మళ్లీ వెళ్లు. మర్యాదగా కూర్చో. నీ కాలేజీలో ఇవి చెప్పి ఉండరు గనక మళ్లీ చెబుతున్నాను. మొదటిది రమ్మనే కాఫీ. రెండోది మాటల కాఫీ. మూడోది పొమ్మనే కాఫీ. మూడోది కప్పులో పడిందంటే తాగి, దీవించి, లేచి బూట్లు తొడుక్కోవాలి. తక్కిన లోకం పొమ్మనలేక పొగపెడుతుంది. మనం మర్యాదస్థులం, కాఫీ పెడతాం.

ఆవిడ చేతి మూడో కాఫీ ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అంతకన్నా రాయను.

పుంజు ఒకటి పక్కింటి కంచె దూకింది. నువ్వు లేవని దానికి కూడా తెలిసిపోయింది.

నీ నానమ్మ


సరాయెవో,
జూలై మూడోవారం

అడగని ప్రశ్నల మహారాణికి,

నువ్వడగని వాటికి జవాబులు. మోకాలి నొప్పి ఉంది, మెట్లెక్కేటప్పుడు దాన్ని పేరు పెట్టి తిడుతుంది. చిక్కలేదు. రొట్టె ఎడంచేత్తోనే విరుస్తుంది. ఇవన్నీ నువ్వడిగినందుకు కాదు, నాకు తోచక రాస్తున్నాను.

ఊరు కొద్దికొద్దిగా వంటబడుతోంది. ఇక్కడ దారి అడిగితే, ఇప్పుడు లేనివాటిని బట్టి చెబుతారు. ముస్తఫా కొట్టు కాలిపోయింది చూడు, అక్కడ కుడికి తిరుగు. ముసలి మల్బరీ చెట్టు కొట్టేసిన చోట పైకెక్కు, అంటారు. కాలిపోయిన కొట్టును, కొట్టేసిన చెట్టును చూసుకుంటూ ఇప్పుడు నేను కూడా గమ్యం చేరుతున్నాను. నిన్న ఒక జర్మన్ యాత్రికుడు దారి అడిగితే ఆ మల్బరీ దగ్గర తిరగమని చెప్పాను. పాపం ఇంకా తిరుగుతూనే ఉన్నాడేమో.

జుమ్రా ఇంటికి చాలాసార్లే వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా మర్యాదకు లోటు లేదు. షర్బత్, టిలియా పూల టీ, పుల్ల చెర్రీల రసం, ఉడికించిన ఎండు పళ్ల నీళ్లు. ఒకరోజు ఏమీ తోచక దూడకు పోసినట్టు పాలు పోసింది. నా పొట్టలో ఇప్పుడు మిల్యాట్స్కాలో కన్నా నీళ్లెక్కువ. కాఫీ మాత్రం చుక్క లేదు. కనుక నావల్ల కాదు. నా వాగుడు నిర్దోషి.

పక్కింట్లో అవ్దగా అని ట్రాము నడిపి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని గోడవారకు తీసుకెళ్లి అడిగాను.

"ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా కాఫీ గింజ వేగలేదు బాబూ," అన్నాడు.

డాక్టరు వద్దన్నాడని సగం వాడ అంటుందట. పిసినారి అని మిగతా సగం. రెండూ కాదని ఆయన నమ్మకం, ఎందుకంటే పిసినారి అయితే చెర్రీరసంలో అంత పంచదార పోయదు. అసలు చిక్కు వేరే ఉంది నానమ్మా. పొమ్మనే కాఫీ లేని ఇంట్లోంచి ఎవరైనా ఎప్పుడు లేవాలి? ఎవరికీ తెలియదు. అందుకని ఎవరూ లేవరు. జుమ్రా ఇల్లు ఎప్పుడూ జనంతో కిటకిటలాడుతుంటుంది. అవ్దగా రెండు మేకులు అడగడానికి వస్తాడు, సాయంత్రం రేడియో వార్తలదాకా ఉంటాడు. జుమ్రా భర్త పోయినప్పుడు పరామర్శకు వచ్చిన ఒకావిడ ఇంకా పూర్తిగా వెళ్లలేదని నా అనుమానం. మీరే లేచి వెళ్లిపోవచ్చు కదా అంటే అవ్దగా నొచ్చుకున్నాడు. "వెళ్లమని ఎవరూ చెప్పందే ఎలా వెళ్తాం? మర్యాద ఉండొద్దూ?"

ఇప్పుడు నవ్వని సంగతి. సెప్టెంబరు ఆఖర్లో జుమ్రా ఇల్లమ్మేసి టర్కీలో ఇజ్మీర్‌కు వెళ్లిపోతోంది. అక్కడ భర్త తరఫు మేనల్లుడున్నాడు. వెళ్లి రావడం కాదు, వెళ్లిపోవడమే. ఈ మాట నాతో చెప్పి, కిటికీలోంచి చూస్తూ, "మీ నానమ్మ ఏమైనా అడిగిందా?" అంది. నువ్వు చెప్పమన్నట్టే, లేదన్నాను. జీవితంలో నేను చాలా అబద్ధాలు ఆడాను. అన్నీ సరదాగా ఆడినవే. ఇదొక్కటి కాదు.

మీ ఇద్దరి మధ్య ఏమైంది? ఈసారి పుంజు గురించి రాయకు.

రెఫిక్


బోసాన్స్కా క్రుపా,
ఆగస్టు మొదట్లో

రెఫిక్,

వెళితే వెళ్లనీ. ఇజ్మీర్ సముద్రపు ఒడ్డు, గాలి చల్లగా కొడుతుంది. ఒక జత ఉన్ని మేజోళ్లు పంపుతున్నాను. కోడికోసం అల్లాను, దానికి సరిపోలేదు. వృథా ఎందుకని పంపుతున్నాను, వేరే ఉద్దేశం లేదు.

అక్కడ చలి ఉండదని భూగోళం చదివి నాకు చెప్పకు.

అడిగావు కనుక రాస్తున్నాను. అప్పుడు నీకు నాలుగేళ్లు. ఒక వారం ఉందామని రేగుపళ్ల బుట్ట పట్టుకుని దాని ఇంటికి వెళ్లాను. మూట ఇంకా విప్పలేదు. కూర్చుని మా అమ్మ సంగతులు చెప్పుకుంటున్నాం. అమ్మ ఒకసారి మేకను పెళ్లివారింటికి తోలుకెళ్లిన సంగతి. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయి. మొదటి కాఫీ తాగాం. రెండోది తాగాం. ఎండ ఇంకా గోడ దిగనే లేదు, జుమ్రా మూడోది పోసింది. నవ్వుతూనే పోసింది.

తాగాను. రైలుకు వేళయిందన్నాను. "అప్పుడేనా అక్కా?" అంది. ఎంత నటన అనుకున్నాను. మూట అలాగే ఎత్తుకుని దిగిపోయాను. రైలు మర్నాటికి గాని లేదు. స్టేషన్లోనే కూర్చున్నాను. సరాయెవోలో నేను చూసింది స్టేషన్ బల్ల ఒక్కటే. గట్టి బల్ల.

ఇందులో నా తప్పేముందో నీ కాలేజీ వాళ్లను అడుగు.

నానమ్మ


సరాయెవో,
ఆగస్టు మధ్యలో

నానమ్మా,

ఈసారి బిరుదులు లేవు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, మేజోళ్లు చంకలో పెట్టుకుని నిన్న జుమ్రా ఇంటికి వెళ్లాను. గది నిండా జనం. అవ్దగా తన మామూలు మూలలో ఉన్నాడు. ఏకాంతంగా అడుగుదామనుకున్నాను గాని, ఆ ఇంట్లో ఏకాంతం దొరకాలంటే సెప్టెంబరు దాకా ఆగాలి. అందరి ముందే అడిగేశాను.

"చిన్న నానమ్మా, మా నానమ్మకు మూడో కాఫీ ఎందుకు పోశావు?"

జుమ్రా చేతిలో షర్బత్ జగ్గు అలాగే ఉండిపోయింది. మెల్లిగా దాన్ని కింద పెట్టి కూర్చుంది.

"పోశానని నాకు తెలిసింది మర్నాడు," అంది.

అక్క వెళ్లిపోయిన సాయంత్రం ఏమీ కడగబుద్ధి కాలేదట. అక్కకు మర్యాదని ప్రతిసారీ కొత్త కప్పులు తీసిందట. పొద్దున్న వాటిని కడుగుతుంటే నాలుగుండాల్సినవి ఆరున్నాయి. కప్పులన్నీ అలాగే వదిలేసి ఇంట్లో చెప్పులతోనే కొండ దిగి స్టేషనుకు పరుగెత్తింది. రైలు తోక కనిపించిందట.

"మాటల్లో పడ్డాను రా. అంత నవ్వు నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. కప్పు ఖాళీగా కనబడింది, పోశాను. లెక్కపెట్టుకున్నది తను, నేను కాదు."

నానమ్మా, మీరిద్దరూ ఆ రాత్రి ఒకే ఊళ్లో ఉన్నారు. నువ్వు బల్ల మీద, ఆవిడ కడగని కప్పుల పక్కన.

తరువాత రేగుపళ్ల వ్యాపారితో కబురు కూడా పంపిందట. అతను తిరిగొచ్చి చెప్పిన జవాబు ఇది: "నాకు చెల్లెళ్లెవరూ లేరు, ఉన్నవన్నీ కోడిపెట్టలే." ఈ ముక్క నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. తిరగేసి కూడా చూశాను.

ఆ తరువాత కాఫీ ఎందుకు మానేశావని అడిగాను. మళ్లీ లెక్క తప్పి ఇంకెవరు వెళ్లిపోతారో అని భయమట. దానికి అవ్దగా లేచి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మేం వెళ్లం జుమ్రా. మా సంగతి నీకు తెలుసుగా," అన్నాడు. పద్దెనిమిదేళ్ల రుజువున్న మాట, ఎవరూ కాదనలేదు.

మేజోళ్లు ఇచ్చాను. కోడికి అల్లినవని కూడా చెప్పాను, దూత ధర్మం. మండే ఆగస్టులో, అందరి ముందు, రెండూ తొడుక్కుని కూర్చుంది. మడమ దగ్గర వేలుపెట్టి చూసి నవ్వింది. "మా అక్క అల్లికే. మడమ తిప్పేచోట ఎప్పుడూ ఒక వరస తప్పుతుంది."

అంటే ఇతరులు పోసిన కాఫీలు లెక్కపెట్టే మనిషి తన కుట్ల లెక్క తప్పుతుందన్నమాట. నేనేమీ అనడం లేదు. నువ్వు చదువుతావని రాస్తున్నాను.

నెలాఖరుకు నేను ఇంటికొస్తాను, బడి మొదలవుతుంది. ఆమె ఇంకో నెల ఉంటుంది. ఆ తరువాత ఇజ్మీర్ ఎంత దూరమో పటంలో చూపించగలను, నాకొచ్చిన విద్య అదొక్కటే.

రెఫిక్


బోసాన్స్కా క్రుపా
(పోస్టుకార్డు)

పుంజుకు పొద్దున్న మొక్కజొన్న, సాయంత్రం తవుడు. పక్కింటి కంచెవైపు పోనివ్వకు. నువ్వొచ్చేసరికి నేనుండను, తాళంచెవి నీకు తెలిసిన చోటే. ఆ గడియారమేదో ఒకసారి చూసి వస్తాను, వేరే పనేమీ లేదు. ఆవిడ ఇంట్లో కాఫీ ముట్టను. నా మేజోళ్లలో ఏ వరసా తప్పలేదు.

పోస్టుమాన్, నువ్వు చదువుతున్నావని నాకు తెలుసు. పుంజు జోలికి నువ్వు కూడా పోకు.


సరాయెవో,
సెప్టెంబరు

ఒరేయ్ పంతులూ,

చేరాను. స్టేషన్లో ఆ బల్ల ఇంకా ఉంది. కూర్చోలేదు, ఒక తన్ను తన్ని వచ్చాను. కాలు నొప్పెట్టింది.

నువ్వు రాసిన ఊరికీ నేను చూసిన ఊరికీ పోలిక లేదు. బాతు నడవడం లేదు, నిలబడింది. ట్రాము గుండ్రంగా తిరుగుతుందని ఎక్కినప్పుడే తెలిసింది, తలుపు దగ్గర రాసుంది. గడియారం సంగతంటావా, మా నాన్న నమాజు లెక్కల్లో పుట్టి పెరిగినదాన్ని, ఒక్క చూపులో వేళ చెప్పేశాను. పక్కనున్న జర్మన్ ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఏదో మల్బరీ చెట్టు ఎక్కడుందని అడిగాడు. ఉన్న చెట్టు ఒకటి చూపించాను, సంతోషించాడు.

కొండవాలు ఎక్కాను. తలుపు తీసే ఉంది. ఎదురుగా ఉన్ని మేజోళ్లతో జుమ్రా. నా చేతిలో మూట తీసుకుని అక్కడికక్కడే విప్పేసింది, నా బట్టలన్నీ తీసి తన పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి రొంటిన దోపుకుంది. ఈసారి మూట ఎత్తుకుని ఎటు పోతావో చూస్తానన్నట్టుగా. నా తలగుడ్డ కూడా అందులోనే పోయింది, ఇప్పటికీ ఇవ్వలేదు.

గదిలో వాడంతా ఉంది. నేను వస్తున్నానని తెలిసి అందరూ తలలు దువ్వుకుని మరీ వచ్చారు. పద్దెనిమిదేళ్ల తరువాత ఆ ఇంట్లో కాఫీ వాసన లేచింది. నీ అవ్దగా ఏడ్చాడు. ముట్టనన్నాను కదా, ఆ వాసనకు చెయ్యి దానంతటదే కప్పు మీదికి వెళ్లింది. మొదటిది తాగాం. రెండోది తాగాం. మేక సంగతి జుమ్రా ఎత్తుకుంది. నడిమధ్యలో దానికి నవ్వాగలేదు, మిగతాది నేను చెప్పాను.

అప్పుడు చూశాను, అందరి కప్పులూ ఖాళీ. జుమ్రా రాగి గిన్నె పట్టుకుని నిలబడింది. పొయ్యలేదు. నా వైపు చూస్తోంది. అందరూ నావైపే చూస్తున్నారు.

లేచాను. దాని చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. అవ్దగా కప్పు నింపాను. ఆ పరామర్శకు వచ్చినావిడ కప్పు నింపాను. గదిలో ఒక్కొక్కరికీ, కిటికీలోంచి తొంగిచూస్తున్నవాళ్లకు కూడా, పేరు పేరునా పోశాను. కాసేపు వాళ్లకు అర్థం కాలేదు, అలవాటు తప్పింది కదా. ముందుగా అవ్దగాకు వెలిగింది. తాగి, దీవించి, "ఇన్నాళ్లకు ఈ ఇంట్లో మర్యాద తెలిసిన మనిషి వచ్చింది," అని బూట్లు వెతుక్కున్నాడు. పరామర్శ ఆవిడ కూడా, రెఫిక్, పూర్తిగా వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ అయింది. గిన్నెలో ఇంకా కొంచెం మిగిలింది. ఇద్దరం దాని చుట్టూ కూర్చున్నాం. వెళ్లవద్దని నేనడగలేదు, అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఇజ్మీర్లో ఉన్ని మేజోళ్లు పనికిరావని మాత్రం చెప్పాను. క్రుపాలో పనికొస్తాయని చెప్పాను. రావడం లేదని మేనల్లుడికి తనే ఉత్తరం రాస్తానంది. మేడమీది గది దులిపి ఉంచు. పుంజుకు కొత్తవాళ్లు పడరు, ముందే మందలించు.

అప్పుడు జుమ్రా అడిగింది. మూడోది వాడవాళ్లు తాగేశారు కదక్కా, ఇప్పుడు మనం తాగబోయేది నాలుగోది, దానికి మన పెద్దలు పేరు పెట్టారా అని.

"పేరెందుకే, ముందు పొయ్యవే," అన్నాను.

నానమ్మ